తగ్గిన పవరు

"నా మొహం చూడు. ఎక్కడ చూస్తున్నావు నువ్వు?"

"మీ మొహమే చూస్తున్నానండీ."

"కాదు, నా భుజం చూస్తున్నావు!"

అబ్బాయి కేక వెనక గది దాటి, ముందున్న కళ్ళజోళ్ళ షాపు దాటి, వీధిలోకి వినిపించింది. షాపులో కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో వయ్యారంగా తల అటూ ఇటూ తిప్పుకుంటున్న ఒకావిడ హడలిపోయి, ఆ ఫ్రేముతోనే నాలుగడుగులు వేసి, గుర్తొచ్చి వెనక్కి వచ్చి, దాన్ని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

అద్దాలాయన ఆవిణ్ణి ఆపలేదు. మామూలు రోజైతే మెట్ల దాకా వెంటపడి, "ఆ ఫ్రేములో మీకు పదేళ్ళు తగ్గాయమ్మా" అని వెనక్కి తెచ్చుకునేవాడే. ముప్పై ఏళ్ళ షాపు. కళ్ళజోడు అమ్మడం ఆయనకి ఊపిరి తీయడంతో సమానం. ఇవాళ మాత్రం బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

లోపలికి వెళ్ళక తప్పింది కాదు.

కోడలు కిటికీ పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఎనిమిదో నెల పొట్ట మీద ఎవరిదో చిరిగిన కోటు, దానికి గుచ్చి వదిలేసిన సూది. చిరిగిన బట్టని చిరిగినట్టు తెలియకుండా పోగుకి పోగు కలిపి రఫ్ఫు చేయడం ఆమె పని. నాలుగు వీధుల అవతలినుంచి కూడా బట్టలు తెచ్చి ఇస్తారు. ఇప్పుడు ఆమె కాళ్ళ దగ్గర నేలంతా నీళ్ళు. గ్లాసులో పోయబోయి పక్కన పోసింది. ఎదురుగా మోకాళ్ళ మీద అబ్బాయి. లిఫ్టులు బాగుచేసే పనిలోంచి భోజనానికని వచ్చినవాడు, చేతుల గ్రీజు కూడా కడుక్కోలేదు.

"మధ్యలో బూడిదరంగు మచ్చ ఉందండీ," అంటోంది కోడలు. "సూటిగా చూస్తే మచ్చే కనిపిస్తుంది. కాస్త పక్కకి చూస్తే మీరు కనిపిస్తారు. అందుకే అలా చూస్తున్నాను. దానికింత అరవాలా?"

"రెండు కళ్ళకీనా?"

"ఆఁ."

"ఎప్పటినుంచి?"

కోడలు ఒక్క క్షణం ఆగింది. మామగారి అడుగుల చప్పుడు ఆమెకి తెలుసు. తల ఆయనవైపు తిప్పలేదు.

"నిన్నటినుంచి," అంది.

అద్దాలాయనకి నిజం తెలుసు. నిన్నటినుంచి కాదు. ఆ సంగతి ఈ ఇంట్లో ఆ పిల్లకీ, తనకీ తప్ప మూడోమనిషికి తెలీదు.

అంతలో అత్తగారు నేల తుడిచే గుడ్డతో వచ్చింది. ఆవిడ రావడమే మాటతో వస్తుంది. "తలనొప్పి, తలనొప్పి అని వారం రోజులుగా అంటోంది. కాళ్ళు చూడండి, చెప్పుల్లో పట్టడం లేదు. నేను చెబుతూనే ఉన్నాను డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామని. నా మాట ఈ ఇంట్లో ఎవరు విన్నారు? వెంట్రుకంత సూదిమొన చూసే పిల్లకి గ్లాసు కనపడకపోవడమేమిటి? లే, లేవరా, మోకాళ్ళ మీద కూర్చుంటే చూపొస్తుందా, బండి పిలువు!"

"అత్తయ్యా, ఈ కోటు రేపటికి ఇవ్వాలి..."

"కోటు తగలెయ్!" అని అత్తగారు ఆ కోటుని లాగి మంచం మీదికి గిరాటేసింది. అందులో ఉన్న సూది ఆవిడ వేలికి గుచ్చుకుంది. అమ్మా అని కూడా అనలేదు. అదీ అక్కడి పరిస్థితి.

తొమ్మిది రోజుల కిందటి మాట. మధ్యాహ్నం షాపులో ఎవరూ లేని వేళ కోడలు వచ్చి, పరీక్ష కుర్చీలో తనంతట తనే కూర్చుంది. "మామయ్యా, గోడ మీద అక్షరాలు మసగ్గా ఉన్నాయి. ఇంకోటి, నిన్న ఒక శాలువా వచ్చింది. అందులో పోగులు మధ్యలో వంకర తిరిగినట్టున్నాయి. నేసినవాడు నిద్రపోతూ నేశాడో ఏమో!"

ఆయన నవ్వాడు. అద్దాలు ఒకటి తర్వాత ఒకటి మార్చి చూశాడు. పెళ్ళై వచ్చిననాటినుంచీ ఆమెది మైనస్ మూడు. ఆ రోజు రెండుంపావుకే అక్షరాలు తేటగా కనిపించాయి. అద్దాలాయన సంబరం అంతా ఇంతా కాదు. "పవరు తగ్గిందమ్మాయ్! ముప్పై ఏళ్ళలో తగ్గినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అంతా కడుపులో బిడ్డ వేళావిశేషం!" అని ఆ సాయంత్రం వీధిలో కనపడినవాళ్ళందరికీ చెప్పాడు. మసక సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాలుగు రోజులకి ఆమె మళ్ళీ మసక అంది. చూస్తే పవరు ఇంకా తగ్గింది. చాటిన మాటకి వీధి నవ్వుతుందని, అదే ఫ్రేములో గుట్టుగా కొత్త అద్దాలు బిగించాడు. తల పగిలిపోతోందని ఆమె అంటే, "కొత్త అద్దాలు కదా, నాలుగు రోజులుంటుంది, అలవాటైపోతుంది" అన్నాడు.

ఆ మాట ఆయన రోజుకి పదిమందికి చెబుతాడు. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది. ఆ మాట నమ్మే కోడలు డాక్టరమ్మ మళ్ళీ రమ్మన్న రోజున ఆస్పత్రికి వెళ్ళలేదు.

*

ఆస్పత్రిలో నర్సు చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. అంకె చూసింది. మాట్లాడకుండా పట్టీ విప్పి, రెండో చేతికి చుట్టి మళ్ళీ కొట్టింది. అప్పుడు లేచి వెళ్ళి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది.

"నూట డెబ్బై, కింద నూట పది," అంది డాక్టరమ్మ. కాన్పుల డాక్టరు ఆవిడ. గట్టిగా మాట్లాడదు. మాట్లాడకపోవడమే భయపెడుతుంది. "పోయిన వారం ప్రెషర్ కాస్త ఎక్కువుంది, వారంలో మళ్ళీ రమ్మన్నాను. ఎందుకు రాలేదమ్మా?"

"తలనొప్పి అద్దాల వల్ల అనుకున్నానండీ."

"చూపు ఎప్పటినుంచి తేడాగా ఉంది?"

"నిన్నటినుంచి."

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. "ముప్పై మూడు వారాలు నిండాయి. మూత్రంలో ప్రొటీను పోతోంది. ఇప్పుడే ఇంజెక్షన్లు మొదలుపెడతాం, ఒకటి నీకు ఫిట్స్ రాకుండా, ఒకటి బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడడానికి. నిన్ననే మొదలైందంటున్నావు కాబట్టి, ప్రెషర్ మందులకి లొంగితే ఇంకో వారం నెట్టుకురాగలమేమో చూద్దాం. కంటి డాక్టరుని పిలిచాను. ఆయన కూడా చూడాలి."

ఇంకో వారం అనే మాట వినగానే కోడలి మొహం విప్పారింది. అద్దాలాయన అది చూశాడు. చూసి, తల దించుకున్నాడు.

అబ్బాయి మందులకీ, అత్తగారు నర్సుతో మాట్లాడడానికీ వెళ్ళిన ఐదు నిమిషాల్లో మంచం పక్క ఆయనొక్కడే మిగిలాడు.

"మామయ్యా, మీరేనా?"

"నేనేనమ్మా."

"చెప్పకండి."

"ఏమిటి?"

"మీకు తెలుసు ఏమిటో." ఆమె చెయ్యి గాలిలో వెతికి ఆయన చొక్కా చేతిని పట్టుకుంది. "తొమ్మిది రోజులంటే ఇవాళే తీసేస్తారు. పోయినసారి ఆరో నెలలోనే వచ్చేశాడు. ఒక్క రోజున్నాడు మామయ్యా. ఊపిరి తీయడానికి ఆ పిల్లాడు ఎంత కష్టపడ్డాడో నేను చూశాను. మీరందరూ బయటున్నారు, నేను చూశాను. ఈ బిడ్డకి ఇంకో మూడు వారాలు కావాలి. నా కళ్ళదేముంది, పోతే పోనీ."

"నోర్ముయ్, పోతే పోనీ ఏమిటి!"

"అరవకండి. అత్తయ్య వింటే నోట్లో నువ్వుగింజ నానదు."

ఆయన చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆమె చొక్కా వదల్లేదు.

"ఒక్క మాట దాచండి చాలు," అంది. "మీరు చేసింది నేను ఎవరికీ చెప్పలేదు కదా."

ఆ మాట బెదిరింపుగా అనలేదు. పాపం, బతిమాలుతూనే అంది. అయినా ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇద్దరూ ఒకరి గుట్టు ఒకరు కాపాడుకుంటే సరిపోతుంది. బిడ్డ లోపల పెరుగుతుంది. తన పరువు బయట నిలుస్తుంది. ఎంత చక్కటి ఏర్పాటు! పది నిమిషాలు ఆయన దానికి ఒప్పుకున్నాడు కూడా. అబద్ధమెందుకు, ఒప్పుకున్నాడు.

*

అత్తగారు పాత రిపోర్టుల ఫైలు తెమ్మని ఆయన్ని ఇంటికి తరిమింది. ఫైలు బీరువాలో దొరికింది. వెంటనే వెనక్కి రావాల్సినవాడు షాపులోకి వెళ్ళి, కార్డుల సొరుగు లాగాడు.

షాపుకి వచ్చిన ప్రతి మనిషికీ ఒక కార్డుంటుంది. పేరు, తేదీ, కుడికన్ను, ఎడమకన్ను, చివర ఒక చిన్న గడి. కోడలి కార్డులో ఈ తొమ్మిది రోజుల్లోనే మూడు వరుసలున్నాయి. మొదటిది రెండుంపావు. రెండోది రెండు. మూడోది, మొన్నటిది, ఒకటిన్నర. చివరి గడిలో మూడుసార్లూ తన గుండ్రటి చేతిరాతతోనే రాసి ఉంది: మెరుగు. మెరుగు. చాలా మెరుగు.

చింపేస్తే? ఒక్క కార్డు. ఎవరడుగుతారు?

ఆయన దాన్ని మధ్యకి మడిచాడు. మడతమీద గోరు పెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది, మూడోసారి అద్దాలు పెట్టాక ఆ పిల్ల కుర్చీలోంచి లేస్తూ తలుపు రెక్కకి కొట్టుకుంది. "చూసుకుని నడు తల్లీ" అన్నాడు తను. చూసుకుని నడవమన్నాడు! అద్దాలాయన షాపు మధ్యలో నిలబడి, ఆరడుగుల మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చుట్టూ గోడలనిండా ఖాళీ ఫ్రేములు.

కన్నీళ్ళు తుడుచుకుని కార్డు జేబులో పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి కంటి డాక్టరు కోడలి కళ్ళలో చుక్కలు వేసి, లైటు పట్టి చూడడం పూర్తయింది. కుర్రడాక్టరు. ఆయన రాసే చీటీలు రోజూ అద్దాలాయన షాపుకే వస్తాయి. "మీసాలు రాకముందే పవర్లు రాస్తున్నాడు" అని వెనకాల వేళాకోళం చేసే అలవాటు అద్దాలాయనకి బాగా ఉంది. ఆ కుర్రవాడి చేతికే ఇప్పుడు కార్డు ఇవ్వాలి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా!

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం. నిన్నటినుంచి కాదండీ."

"మామయ్యా!" అని మంచం మీదినుంచి కోడలు అరిచింది.

"తొమ్మిది రోజులైంది. ఇదిగో. నేనే పరీక్ష చేశాను. నేనే అద్దాలు మార్చాను, మూడుసార్లు."

కంటి డాక్టరు కార్డు మడత విప్పి చదివాడు. చివరి గడి దాకా చదివాడని ఆయన కనుబొమలు చెప్పాయి. దాన్ని కాన్పుల డాక్టరమ్మకి అందించాడు.

"పెద్దాయనా," అన్నాడు కుర్రడాక్టరు మెల్లగా, "మైనస్ తగ్గితే సంతోషించకూడదు, ఎందుకు తగ్గిందని అడగాలి. ఈ వయసులో తొమ్మిది రోజుల్లో ఒకటిన్నర ఊరికే తగ్గదు. కంటి వెనక ఒక పల్చటి పొర ఉంటుంది, చూపంతా దానిమీదే. ప్రెషర్ వల్ల దాని కింద నీరు ఊరింది. గోడకి అతికించిన కాగితం వెనక తేమ చేరితే ఉబ్బుతుంది చూడండి, అలాగ. ఆ ఉబ్బు పొరని ముందుకి తోసింది. అందుకే పోగులు వంకరగా కనిపించాయి, అందుకే మీ లెక్కలో పవరు తగ్గింది."

"అంటే... నేను తగ్గిందన్నప్పుడల్లా..."

"పెరుగుతోంది. జబ్బు."

"చూపు వస్తుందా అండీ?" అబ్బాయి అడిగాడు.

"చాలామందికి వస్తుంది. ఈ నీటికి కంటి ఆపరేషన్లూ అవీ అక్కర్లేదు. కాన్పై, ప్రెషర్ దిగితే, దానంతటదే ఇంకిపోతుంది. కొన్ని వారాలు పడుతుంది. ఆలస్యం చేసేకొద్దీ మాత్రం నేను మాట ఇవ్వలేను."

డాక్టరమ్మ కార్డుని ఫైల్లో పెట్టింది. "ఇంక వారం ఆగే మాట లేదు. బిడ్డ కోసం ఇంజెక్షను పని చేయడానికి రేపటిదాకా చూస్తాను, ప్రెషర్ ఆగనిస్తే. రేపు పొద్దున తీసేద్దాం."

"నేను సంతకం పెట్టను," అంది కోడలు.

అప్పుడు మొదలైంది అసలు గొడవ. అబ్బాయి బతిమాలాడు. అత్తగారు తిట్టింది, ఏడ్చింది, మళ్ళీ తిట్టింది. కోడలు కళ్ళు మూసుకుని, రెండు చేతులూ పొట్టమీద కట్టుకుని, ఒకటే మాట. మూడు వారాలు. మూడు వారాలివ్వండి.

డాక్టరమ్మ వాళ్ళందర్నీ వెనక్కి నెట్టి మంచం మీద కూర్చుంది. "నన్ను చూడు. సరే, చూడలేవు, విను. పోయినసారి ఆరో నెల. ఇప్పుడు ఎనిమిదో నెల సగం దాటింది. రెండూ ఒకటి కాదు. ఆ బాబుకి లేని ఊపిరి ఈ బిడ్డకి చాలావరకు ఉంది. లోపలుంటే బిడ్డకి మంచిదని కదా నీ పట్టుదల? నీ కంటి వెనక ఏం జరుగుతోందో విన్నావు. అదే ప్రెషర్ బిడ్డకి రక్తం వెళ్ళే దారిని కూడా నొక్కుతోంది. నీకు ఫిట్స్ వస్తే ఇద్దరికీ ప్రమాదం. నువ్వు బిడ్డకిస్తున్నది మూడు వారాలు కాదమ్మా."

కోడలు కట్టుకున్న చేతులు విప్పి, పొట్టని ఒకసారి నిమిరింది.

"బిడ్డ ఏడుస్తుందా?" అని అడిగింది చివరికి. "పుట్టగానే గట్టిగా ఏడుస్తుందా? వాడు ఏడవలేదు."

"ఏడిపించడానికి చేయాల్సిందంతా నేను చేస్తాను. అంతవరకే నా మాట."

ఆమె చెయ్యి చాచింది. అబ్బాయి కలం పెట్టి, ఆమె వేళ్ళు పట్టుకుని, కాగితం మీద గీత దగ్గరికి నడిపించాడు. వెంట్రుకంత పోగుని తప్పకుండా పట్టుకునే చెయ్యి గీత దాటి పక్కకి సంతకం పెట్టింది.

పెట్టాక అంది: "మామయ్య ఇక్కడ ఉండడానికి వీల్లేదు."

"నాన్నా, నువ్వు ఇంటికెళ్ళు," అన్నాడు అబ్బాయి, తండ్రి మొహం చూడకుండా.

అద్దాలాయన భార్యవైపు చూశాడు. ముప్పైమూడేళ్ళ కాపురంలో ఆవిడకి మాట దొరకని సందర్భం ఆయనెరగడు. చడామడా తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ ఫైలు అందుకుని, అటు తిరిగి కూర్చుంది.

*

ఆయన ఇంటికి వెళ్ళలేదు. ఎక్కడికెళ్తాడు? ఆపరేషను గది ఉన్న అంతస్తులో, లిఫ్టు పక్కన బల్ల మీద కూర్చున్నాడు. రాత్రి అబ్బాయి రెండుసార్లు ఆయన ముందునుంచి నడిచాడు. రెండోసారి మంచినీళ్ళ సీసా పక్కన పెట్టి పోయాడు. మాట లేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి కోడల్ని లోపలికి తీసుకెళ్ళారు. అత్తగారు తలుపుకి చెవి ఆనించి నిలబడింది. నర్సు వద్దంది. ఆవిడ జరిగినట్టు జరిగి, మళ్ళీ ఆనించింది.

పావుగంట. ఇరవై నిమిషాలు.

లోపలినుంచి ఏ శబ్దమూ లేదు. అద్దాలాయన లేచి నిలబడ్డాడు. అబ్బాయి గోడకి తల ఆనించాడు. తను కార్డు ఇవ్వకపోయి ఉంటే ఆ బిడ్డ ఈపాటికి తల్లి కడుపులో హాయిగా ఉండేదేమో అన్న ఆలోచన ఆయన్ని పట్టుకుని పీకింది. ఇచ్చినా తప్పే, ఇవ్వకపోయినా తప్పే. అసలు తప్పు తొమ్మిది రోజుల కిందటే అయిపోయింది. చేతులు కాలాక పట్టుకునే ఆకులే ఇవన్నీ.

అప్పుడు వినిపించింది. ముందు పిల్లికూనలా సన్నగా. తర్వాత, ఎవరో గిల్లినట్టు, తలుపులు అదిరిపోయేలా.

"అమ్మో!" అంది అత్తగారు. నిన్నటినుంచి ఆవిడ నోటివెంట వచ్చిన మొదటి మాట. "పిట్ట కొంచెం కూత ఘనం! ఇదేం గొంతురా బాబూ!" అని అంటూనే కూలబడి ఏడ్చేసింది. అబ్బాయి తల్లిని పట్టుకున్నాడు. ఆవిడ కొడుకు భుజం మీదుగా భర్తని చూసి, ఒక చెయ్యి చాచింది. ఆయన పరుగెత్తుకెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

ఆడపిల్ల. కిలో ఎనిమిది వందల గ్రాములు. ఊపిరికి రెండు రోజులు గొట్టం సాయం కావాల్సొచ్చింది, మూడోనాటికి తీసేశారు. పసిపిల్లల గదిలో అద్దాలపెట్టెలో పెట్టారు.

కోడలి ప్రెషర్ అంత తేలిగ్గా లొంగలేదు. దిగుతుంది, ఎక్కుతుంది. మూడోరోజు కంటి డాక్టరు చూసి, నీరు ఇంకడం మొదలైందన్నాడు. కుడికన్ను ముందు, ఎడమది నెమ్మది. ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఈ కబుర్లన్నీ అద్దాలాయనకి భార్య మోసుకొచ్చేది. ఆయన మాత్రం లిఫ్టు పక్క బల్ల వదిలి వార్డు గుమ్మం దాటలేదు. కోడలు రమ్మనలేదు. ఆయన రావచ్చా అని అడగలేదు. షాపు తలుపులు తెరవలేదు. ఎవరో బల్లమీద వదిలి వెళ్ళిన ఆ ఫ్రేము అలాగే దుమ్ముపట్టింది.

"వెళ్ళి కాళ్ళమీద పడండి పోనీ," అంది భార్య ఐదోరోజున.

"పడితే చూపొస్తుందా?"

"మీకు పొగరు తగ్గుతుంది."

"అది ఎప్పుడో తగ్గిందే."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. మాట మార్చి, నీళ్ళు తాగమంది.

*

ఆరోరోజు మధ్యాహ్నం నర్సు వచ్చి లిఫ్టు పక్క బల్ల దగ్గర నిలబడింది. "మీరేనా మామగారు? రమ్మంటున్నారు. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కుని రండి."

అద్దాలాయన చేతులు మూడుసార్లు కడుక్కున్నాడు.

పసిపిల్లల గదిలో కోడలు చక్రాల కుర్చీలో, అద్దాలపెట్టెకి మొహం దాదాపు ఆనించి కూర్చుని ఉంది. కళ్ళజోడు లేదు. మొహం వాపు తీసింది. ఆయన వచ్చి నిలబడడం ఆమెకి తెలిసింది. అయినా తల తిప్పలేదు. ఆయన ఊపిరి కూడా చప్పుడు కాకుండా తీసుకున్నాడు.

"నా మీద ఒట్టేసి నిజం చెప్పండి," అంది. "దీనికి కనుబొమలున్నాయా?"

"ఏమిటమ్మా?"

"పొద్దున్నుంచీ చూస్తున్నాను. ముక్కుంది. నోరుంది. కనుబొమలు కనిపించడం లేదు. నాకు కనిపించడం లేదా, దీనికి లేవా? మీ అబ్బాయిని అడిగితే చంద్రబింబంలా ఉందంటారు. అత్తయ్యనడిగితే ఏడుస్తారు. ఈ ఇంట్లో నాకు ఒక్కరూ నిజం చెప్పరు. మీరు చెప్పండి. మీకైతే అలవాటేగా, నన్ను మోసం చేసి మరీ నిజం చెప్పడం."

ఆయన వంగాడు. పెట్టెలో పాప అరచేయంత మొహంతో, పిడికిళ్ళు బిగించి, ఎవరిమీదో కోపంగా నిద్రపోతోంది. ఆయన చాలాసేపు చూశాడు. తల తిప్పి ఇటునుంచి చూశాడు, అటునుంచి చూశాడు.

"లేవమ్మా," అన్నాడు. "నిజంగానే లేవు. నూగు కూడా రాలేదు ఇంకా."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు. నున్నగా ఉంది, గోడలాగ."

కోడలు నోరు మూసుకుంది. ఆ భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకుని ఆయన హడలిపోయాడు. ఆమె నవ్వుతోంది. కుట్లు లాగుతున్నాయని పొట్ట పట్టుకుని మరీ నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "నాకు కనిపించింది మామయ్యా! లేవని కనిపించింది!"

ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాడు. అవతల బల్ల దగ్గర నర్సు వేలు పెదవుల మీద పెట్టుకుని ఇద్దర్నీ గదమాయించింది.

నవ్వు సర్దుకున్నాక కోడలు మొహం తుడుచుకుంది. "ఇది కుడికన్ను," అంది. "ఎడమదాంట్లో మచ్చ అలాగే ఉంది. సూదిలో దారం ఎక్కించాలంటే నాకు రెండు కళ్ళూ కావాలి. ఎడమది వస్తుందా?"

కుర్రడాక్టరు చెప్పినవన్నీ ఆయన నోటిదాకా వచ్చాయి. చాలామందికి వస్తుంది. కొన్ని వారాలు పడుతుంది. ముప్పై ఏళ్ళుగా ఎవరేం అడిగినా తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషి. ఆ పిల్ల మొహం ఎత్తి తనవైపే చూస్తోంది, సూటిగా, ఒక కంటితో.

"తెలీదమ్మా," అన్నాడు.

ఆమె తల ఊపింది.

"ఆ మాట మొదటిరోజు అని ఉంటే బాగుండేది మామయ్యా."

ఆమె చెయ్యి చాచి, ఈసారి గాలిలో వెతక్కుండా, ఆయన మణికట్టు పట్టుకుని పక్కనున్న స్టూలు మీదికి లాగింది.

"కూర్చోండి. మాట్లాడకండి," అని, కుడికన్ను అరచేత్తో గట్టిగా మూసుకుని, పాపవైపు తిరిగింది.